నేత చీమా, పసుపు పిచ్చి చీమా? అడవిలో ఈ రెండు జాతులను సరిగ్గా పోల్చడం ఎలా

చీమల మీద ఆసక్తి ఉన్నవారు ఫొటో పంపి పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది నేత చీమా, లేక పసుపు పిచ్చి చీమా?" ఈ తికమక సహజమే. రెండూ సన్నగా, పొడవాటి కాళ్లతో, పసుపుకూ ఎరుపుకూ మధ్య రంగులో ఉంటాయి. రెండింటికీ కొండి లేదు. రెండూ పొట్ట చివరి నుంచి ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతాయి. మొక్కల రసం పీల్చే పేనుబంక, పొలుసు పురుగులు విసర్జించే తీపి ద్రవం కోసం రెండూ బారులు తీరతాయి.

నేత చీమ (ఈకోఫిల్లా స్మరగ్డినా) భారతదేశం నుంచి ఉత్తర ఆస్ట్రేలియా వరకు ఉన్న అడవుల్లో చెట్ల పైభాగాన్ని ఏలే వేటగాడు. చైనాలో 4వ శతాబ్దం నాటికే ఈ చీమల గూళ్లను నిమ్మజాతి చెట్లకు కట్టి పురుగులను అదుపు చేసేవారు. పసుపు పిచ్చి చీమ (అనోప్లోలెపిస్ గ్రాసిలిపెస్) మనుషుల సరుకుల వెంట ఎన్నో ఉష్ణమండల దీవులకు పాకింది. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో 1989లో దీని మహా సమూహం, అంటే ఒకదానితో ఒకటి పోరాడని గూళ్లతో విస్తరించిన భారీ కాలనీ, మొదటిసారి కనబడింది. ఆ తర్వాత అక్కడి అడవి నేలను శుభ్రం చేసే ఎర్ర పీతలు కోట్ల సంఖ్యలో చనిపోయాయి, పీతలు తినే మొలకలు విచ్చలవిడిగా పెరిగి అడవి కింది అంతస్తు రూపమే మారిపోయింది. కాబట్టి ఒకదాన్ని మరొకటిగా పొరబడితే, కాపాడవలసిన చీమకు మందు పెట్టడమో, ఆపవలసిన చీమను వదిలేయడమో జరుగుతుంది. ఈ వ్యాసంలో ముందు ఈ రెండింటినీ నిస్సందేహంగా గుర్తించే పద్ధతిని, ఆ తర్వాత ఒకే అడవిలో వాటి సంఖ్యను, నడతను న్యాయంగా పోల్చే పద్ధతిని వరుసగా చెబుతాను.

కావలసినవి

- 10 రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం. ఇంటి దగ్గర లేదా ప్రయోగశాలలో 30–40 రెట్లు చూపే సూక్ష్మదర్శిని ఉంటే చాలా మేలు.
- మెత్తటి సన్న కుంచె, మొన సన్నగా ఉన్న ఫోర్సెప్స్.
- గట్టి మూత ఉన్న చిన్న సీసాలు, 70 శాతం ఆల్కహాల్. డీఎన్‌ఏ పరీక్షకు పంపే ఉద్దేశం ఉంటే 95 శాతం ఆల్కహాల్ తీసుకోండి.
- పెన్సిలు, మందపాటి కాగితపు చీటీలు. పెన్నుతో రాస్తే సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.
- మిల్లీమీటరు గడుల గ్రాఫ్ కాగితం, దగ్గరి ఫొటోలు తీయగల కెమెరా లేదా ఫోను.
- 20 సెం.మీ. చదరపు తెల్ల కార్డు, దాని మీద నాలుగు సమాన గడులు గీసి ఉండాలి.
- ఎర కోసం చక్కెర నీరు, నూనెలో నిల్వ చేసిన చేప ముక్కలు, ఒకే కొలతలో కత్తిరించిన దూది ఉండలు.
- ఉష్ణమాపకం, గడియారం, టేపు, నోటు పుస్తకం, ఎత్తైన కొమ్మలు చూడటానికి బైనాక్యులర్స్.
- కళ్లద్దాలు లేదా రక్షణ కళ్లజోడు, నిండు చేతుల చొక్కా, తాగడానికి కాకుండా విడిగా ఒక సీసా శుభ్రమైన నీరు.

సూక్ష్మదర్శిని లేకపోతే ఆగిపోనక్కరలేదు. ఫోను కెమెరా కటకానికి తగిలించే చిన్న మాక్రో కటకంతో, చీమను చలనం లేని స్థితిలో పక్క నుంచి ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే ఈ రెండు జాతులకూ సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు మూడు హెచ్చరికలు

రక్షిత అడవిలో ఒక్క చీమను సీసాలో వేయాలన్నా అటవీ శాఖ రాతపూర్వక అనుమతి కావాలి. అనుమతి లేనిచోట ఫొటోలు, లెక్కలు మాత్రమే తీసుకోండి. ఈ పద్ధతిలో దాదాపు సగం అడుగులు చీమను తాకకుండానే పూర్తవుతాయి.

నేత చీమల గూటి కింద తలెత్తి నిలబడకండి. ఫార్మిక్ ఆమ్లం కంట్లో పడితే తీవ్రంగా మండుతుంది. పడితే రుద్దకుండా, ధారగా నీటితో కనీసం 15 నిమిషాలు కడిగి, మంట తగ్గకపోతే వైద్యుణ్ని చూడండి.

పసుపు పిచ్చి చీమలున్న చోటు నుంచి బయటికి వచ్చేటప్పుడు చెప్పులు, సంచులు, మడిచిన గుడ్డలు, మట్టి అంటిన పనిముట్లు దులపకుండా మరో అడవికి వెళ్లకండి. ఈ జాతికి ఒకే కాలనీలో చాలా మంది రాణులుంటారు, రాణి కొన్ని శ్రామిక చీమలతో నడిచి వెళ్లి కొత్త గూడు పెట్టగలదు. అంటే మీ సంచి మడతలో చేరిన చిన్న గుంపు కూడా కొత్త చోట వేళ్లూనుకోవడానికి సరిపోవచ్చు.

1. ఏం పోలుస్తున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

"రెండు చీమలనూ పోలుస్తాను" అనేది ప్రశ్న కాదు. "ఈ అడవి ముక్కలో నేల మీద, చెట్ల మొదళ్ల మీద ఏ జాతి ఎక్కువ చోట్ల తిరుగుతోంది?", "ఎరను ఏది ముందు కనిపెడుతుంది?", "ఇది ఏ జాతి?" – ఇవి ప్రశ్నలు. మీది గుర్తింపు ప్రశ్న మాత్రమే అయితే 2 నుంచి 5 వరకు ఉన్న అడుగులు చాలు. సంఖ్య లేదా నడత గురించి అయితే చివరి వరకు వెళ్లాలి.

2. దూరం నుంచి నడక చూడండి

ఏ చెట్టునూ తాకకుండా, ఒకటి రెండు అడుగుల దూరంలో నిలబడి అయిదు నిమిషాలు చూడండి. నేత చీమలు కాండం మీద దాదాపు ఒకే దారి వెంట, ఒక లయలో నడుస్తాయి. ఎదురుపడినప్పుడు ఆగి మీసాలు తాకించుకుని సాగిపోతాయి. ఇప్పుడు మీ చేతి నీడను ఆ దారి మీద పడనివ్వండి. చాలా నేత చీమలు పారిపోవు. నీడ వైపు తిరిగి, దవడలు తెరిచి, ముందరి శరీరాన్ని పైకెత్తి, పొట్టను వీపు మీదుగా ముందుకు వంచుతాయి. దగ్గరగా చూస్తే ఆ భంగిమలో పొట్ట కొస తల వైపుకు తిరిగి ఉండటం స్పష్టంగా కనిపిస్తుంది.

పసుపు పిచ్చి చీమలను కదిలిస్తే జరిగేది వేరు. నిలబడి బెదిరించడం ఉండదు. దారి తప్పినట్టు అన్ని వైపులా వంకర టింకరగా, చాలా వేగంగా పరుగులు తీస్తాయి. దాని పేరులోని పిచ్చి ఆ పరుగు వల్ల వచ్చిందే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎండలో కాలిన రాయి మీద ఏ చీమైనా పిచ్చిగా పరిగెత్తుతుంది, చల్లటి ఉదయం ఏ చీమైనా మందంగా నడుస్తుంది. నడక చూసి అనుమానం పెంచుకోవచ్చు గానీ జాతిని తేల్చకూడదు. మరొకటి: మీరు చూస్తున్నది అసలు చీమేనా అని కాళ్లు లెక్కపెట్టండి. నేత చీమను అచ్చుగుద్దినట్టు అనుకరించే గెంతే సాలీడు ఒకటి ఆ చీమల దారుల పక్కనే తిరుగుతుంది. ఎనిమిది కాళ్లుంటే, కదిలించగానే దారం వదిలి కిందికి వేలాడితే, అది సాలీడు.

3. గూడు కనిపెట్టండి

అడవిలో నిలబడి చేయగల పరీక్షలన్నిటిలో నా దృష్టిలో ఇదే అత్యంత నమ్మదగినది. నేత చీమ గూడు చెట్టు మీద, బతికి ఉన్న పచ్చటి ఆకులతో ఉంటుంది. పని చీమలు ఒకదాని నడుము మరొకటి పట్టుకుని గొలుసులుగా ఏర్పడి ఆకుల అంచులను దగ్గరికి లాగుతాయి. మరికొన్ని తమ డింభకాలను దవడలతో పట్టుకుని అంచు నుంచి అంచుకు ఆడిస్తూ, వాటి నోటి నుంచి వచ్చే పట్టుతో ఆకులను కుట్టేస్తాయి. అతుకుల దగ్గర తెల్లటి పలచని పట్టు పొర కనబడితే ఇక సందేహం అక్కరలేదు. డింభకాల పట్టంతా గూటికే ఖర్చయిపోతుంది కాబట్టి ఈ జాతి ప్యూపాలకు పట్టుగూడు ఉండదు.

పసుపు పిచ్చి చీమ ఇలాంటి కట్టడమేదీ కట్టదు. రాలిన ఆకుల పొర కింద, కుళ్లిన దుంగల్లో, రాళ్ల కింద, చెట్టు వేళ్ల సందుల్లో, బోలు వెదురులో, ఇతర జీవులు వదిలేసిన బొరియల్లో చేరుతుంది. గూడు వెతకడానికి నేలను తవ్వకండి. తీపి ఎర దగ్గర కడుపు నింపుకుని పొట్ట ఉబ్బిన చీమను ఎంచుకుని, అది తిరిగి వెళ్లే దారిని కళ్లతో వెంబడించండి.

తరచుగా జరిగే పొరపాటు ఏమిటంటే, చెట్టు మీద కనిపించింది కాబట్టి నేత చీమ అని, నేల మీద కనిపించింది కాబట్టి పిచ్చి చీమ అని అనుకోవడం. నేత చీమలు ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు నేల మీదుగా కూడా వెళతాయి. పిచ్చి చీమలు పొలుసు పురుగుల తీపి ద్రవం కోసం చెట్టు కొసల దాకా ఎక్కుతాయి. చీమ ఎక్కడ నడుస్తోందన్నది కాదు, ఎక్కడికి తిరిగి వెళుతోందన్నది చూడాలి.

ఎండి గోధుమ రంగుకు మారిన ఆకు గూళ్లను లెక్కలో ఎలా రాయాలని చాలామంది అడుగుతారు. కొన్ని ఖాళీవి, కొన్ని మాత్రం కాలనీ సరిహద్దులో వయసు మళ్లిన చీమలు కాపలా కాసే గూళ్లు. గూటిని తట్టకుండా బైనాక్యులర్స్‌తో పది నిమిషాలు చూసి, చీమల రాకపోకలు ఉంటేనే బతికున్న గూడుగా రాయండి.

4. నమూనాలు తీసుకోండి

ఒక్కో చోట 10–15 శ్రామిక చీమలు చాలు. కుంచె కొసను ఆల్కహాల్‌లో ముంచి చీమకు తాకిస్తే అంటుకుంటుంది. అలాగే సీసాలోకి జార్చండి. రెండు చోట్ల చీమలను ఒకే సీసాలో ఎప్పుడూ కలపకండి. సీసా లోపలే తేదీ, సమయం, స్థలం, చెట్టు మీదా నేల మీదా, ఎంత ఎత్తులో అన్నవి పెన్సిలుతో రాసిన చీటీ వేయండి. మూత మీద అతికించిన కాగితం ఊడిపోతే ఆ నమూనాకు విలువ ఉండదు.

బతికి ఉన్నప్పుడే ఒక రంగు ఫొటో తీసి పెట్టుకోండి. ఆల్కహాల్‌లో కొన్నాళ్లు ఉన్నాక రంగు వెలిసిపోతుంది.

5. భూతద్దం కింద తేల్చండి

ఇక్కడ తొందరపడకండి, ఎందుకంటే గుర్తింపులో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ అడుగును రంగు, పరిమాణం చూసి దాటేయడం వల్లనే జరుగుతాయి.

రంగును పక్కన పెట్టండి. ఆస్ట్రేలియాలో ఇదే నేత చీమ పొట్ట ఆకుపచ్చగా ఉంటుంది, ఆసియాలో చాలా చోట్ల నారింజ ఎరుపులో ఉంటుంది. పిచ్చి చీమ పసుపు గోధుమలో, పొట్ట కాస్త ముదురుగా ఉంటుంది. కడుపు నిండితే పొట్ట మీద చారలు కూడా కనబడతాయి. వెలుతురు మారితే ఇవన్నీ మారతాయి.

పరిమాణం కొంత సాయం చేస్తుంది గానీ అందులో ఒక ఉచ్చు ఉంది. పిచ్చి చీమ శ్రామికులన్నీ దాదాపు ఒకే కొలతలో, 4–5 మి.మీ. పొడవు ఉంటాయి. నేత చీమల్లో రెండు రకాల శ్రామికులున్నాయి: బయట తిరిగి వేటాడే, కాపలా కాసే పెద్దవి 8–10 మి.మీ., గూటి లోపల పిల్లలను సాకే చిన్నవి వాటిలో దాదాపు సగం. ఆ చిన్న నేత చీమ ఒక్కటే మీ చేతికి చిక్కితే, పరిమాణం చూసి దాన్ని పిచ్చి చీమ అనుకోవడానికి ఆస్కారం ఉంది.

అందువల్ల శరీర నిర్మాణం చూడండి. మూడు లక్షణాలు చాలు.

మొదటిది మీసాల కణుపులు. నేత చీమ మీసంలో 12 కణుపులు, పిచ్చి చీమ మీసంలో 11. తలకు ఆనుకుని ఉన్న పొడవాటి తొలి భాగాన్ని కూడా ఒక కణుపుగా లెక్కించాలి. దాన్ని మరచిపోవడం వల్ల 12 కాస్తా 11 అయి ఫలితం తలకిందులవుతుంది. ఆ పొడవాటి భాగం వంపు తిరిగే చోటి నుంచి మొదలయ్యే తర్వాతి కణుపులను కొస దాకా సూది మొనతో ఒక్కొక్కటే చూపిస్తూ లెక్కపెట్టి, చివరికి ఒకటి కలపండి. రెండు మీసాలనూ, కనీసం మూడు చీమల్లో లెక్కించాలి, ఎందుకంటే కొస విరిగిన మీసాలు అరుదు కాదు.

రెండోది నడుము కణుపు, అంటే వక్షానికీ పొట్టకూ మధ్య ఉన్న ఒంటి కణుపు. చీమను పక్కకు పడుకోబెట్టి చూడండి. నేత చీమలో అది పొడవుగా, తక్కువ ఎత్తులో, సన్నటి గొట్టంలా ఉంటుంది. పిచ్చి చీమలో అది నిటారుగా లేచి, పైభాగం గుండ్రంగా ఉన్న మూపురంలా కనిపిస్తుంది. పైనుంచి తీసిన ఫొటోలో ఈ తేడా తెలియదు. నాకు వచ్చే ఫొటోల్లో చాలా భాగం పైనుంచి తీసినవే కావడం వల్ల, పక్క నుంచి మరొకటి తీసి పంపండని ప్రతిసారీ అడగవలసి వస్తుంది.

మూడోది దవడ పళ్లు. నేత చీమ దవడ పొడవుగా ఉండి, దాని లోపలి అంచున పదికి మించి చిన్న పళ్లు వరుసగా ఉంటాయి. పిచ్చి చీమకు అన్ని ఉండవు. దవడలు మూసుకుని ఉంటే పళ్లు కనబడవు. సూదితో మెల్లగా తెరవాలి. అది కష్టమైతే మొదటి రెండు లక్షణాలతోనే తేల్చవచ్చు.

పొడవాటి కాళ్లు, పొడవాటి మీసాలు, పెద్ద కళ్లు అనే వర్ణనలు చాలా చోట్ల పిచ్చి చీమ గుర్తులుగా రాసి ఉంటాయి. అవి నిజమే, కానీ నేత చీమకు కూడా వర్తిస్తాయి, కాబట్టి ఈ రెండింటినీ వేరు చేయడానికి పనికిరావు. పోలికలో పనికొచ్చేది రెండింటిలో తేడాగా ఉన్న లక్షణం మాత్రమే.

రెండు లక్షణాలు ఒక జాతి వైపు, ఒకటి మరో జాతి వైపు చూపితే, మీ దగ్గర ఉన్నది ఈ రెండూ కాని మూడో జాతి కావచ్చు. అప్పుడు బలవంతంగా ఏదో ఒక పేరు రాయకుండా "తేలలేదు" అని రాసి ఆ సీసాను విడిగా ఉంచండి.

6. కొలతలు తీయండి

చీమ మొత్తం పొడవును కొలిచి పోల్చకండి. చనిపోయిన చీమ ముడుచుకుంటుంది, కడుపు నిండిన చీమ పొట్ట సాగుతుంది. తల వెడల్పు, మీసం తొలి భాగం పొడవు అనేవి గట్టి భాగాల కొలతలు కాబట్టి మారవు. చీమను గ్రాఫ్ కాగితం మీద, తల కాగితానికి సమాంతరంగా ఉండేలా పెట్టి నేరుగా పైనుంచి ఫొటో తీసి, ఇమేజ్‌జె వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మిల్లీమీటరు గడిని ప్రమాణంగా పెట్టి కొలవండి.

కనీసం 30 చీమలను కొలిచి, తల వెడల్పులను గ్రాఫుగా గీయండి. పిచ్చి చీమలకు ఒకే గుట్ట వస్తుంది. నేత చీమలకు రెండు గుట్టలు రావాలి. ఒక్కటే వస్తే మీ నమూనాలన్నీ దారి మీద తీసినవై ఉంటాయి. చిన్న శ్రామికులు గూడు దాటి బయటికి రావడం తక్కువ. దాని కోసం గూడు కోయవద్దు. గాలికి రాలిన గూడు దొరికితే సరే, లేకపోతే "దారి మీద తిరిగే పెద్ద శ్రామికులు మాత్రమే" అని రాసి ముందుకు సాగండి.

సరిచూసుకోవడానికి, మొదట కొలిచిన చీమల్లో అయిదింటిని మరుసటి రోజు పాత అంకెలు చూడకుండా మళ్లీ కొలవండి. తేడా 5 శాతానికి మించితే ఫొటో కోణంలోనో, ప్రమాణంలోనో లోపముంది.

7. సంఖ్యను పోల్చండి

ఇందుకు రెండు పద్ధతులున్నాయి, వీలైతే రెండూ చేయండి.

కార్డు పద్ధతి క్రిస్మస్ దీవిలో పిచ్చి చీమల మీద నిఘాకు వాడేది. 50 మీటర్ల సరళ రేఖ మీద ప్రతి 5 మీటర్లకు ఒక చోటు చొప్పున 11 చోట్ల తెల్ల కార్డును నేల మీద పెట్టి, దాని నాలుగు గడుల్లో ఒకదాన్ని ఎంచుకుని, 30 సెకన్లలో ఆ గడి దాటిన చీమలను లెక్కించాలి. చవకైనది, వేగమైనది. అయితే ఇది నేల మీద తిరిగే చీమల కోసం చేసిన పద్ధతి కాబట్టి, దీనితోనే రెండు జాతులనూ పోలిస్తే నేత చీమకు అన్యాయం జరుగుతుంది. ప్రతి చోటా దగ్గరి చెట్టు కాండం మీద, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో అదే కొలత కార్డును ఆనించి మరో 30 సెకన్లు లెక్కించి, రెండు అంకెలనూ విడిగా రాయండి. వాటిని కలిపేయకండి.

ఎర పద్ధతిలో ఒక దూది ఉండను చక్కెర నీటిలో ముంచి, పక్కన అంతే పరిమాణంలో చేప ముక్క పెట్టి, 5, 15, 30 నిమిషాల దగ్గర ఏ జాతివి ఎన్ని ఉన్నాయో రాయాలి. ఏది ముందు వచ్చిందో, చివరికి ఎర ఎవరి వశమైందో రెండూ రాయండి. ముందు కనిపెట్టిన చీమే చివరిదాకా నిలుస్తుందన్న హామీ లేదు. వేటను పట్టే తీరు కూడా చూడదగినది: బతికున్న పురుగు దొరికితే నేత చీమలు తలా ఒక కాలు పట్టుకుని అన్ని వైపులా లాగి కదలకుండా చేస్తాయి, పిచ్చి చీమలు ఎక్కువగా ఆమ్లం చిమ్మి లొంగదీస్తాయి. క్రిస్మస్ దీవి పీతలు గుడ్డివై చనిపోయింది ఆ ఆమ్లం వల్లనే.

వేళ విషయంలో కచ్చితంగా ఉండండి. పిచ్చి చీమలు పగలూ రాత్రీ తిరుగుతాయి, కానీ నేల బాగా వేడెక్కితే తగ్గిపోతాయి. ఒక జాతిని ఉదయం, మరోదాన్ని మధ్యాహ్నం లెక్కిస్తే మీరు పోల్చింది చీమలను కాదు, ఎండను. ప్రతి చోటా రెండు జాతులనూ ఒకే సందర్శనలో లెక్కించి, నీడలో ఉష్ణోగ్రత రాసి, కనీసం రెండు వేర్వేరు వేళల్లో మళ్లీ చేయండి. వాన పడుతున్నప్పుడు, పడిన వెంటనే లెక్కలు వద్దు.

8. ఎన్ని కాలనీలు చూశారో తేల్చుకోండి

శ్రమపడి చేసిన పోలికను పనికిరాకుండా చేసే పొరపాటు ఇక్కడుంది. ఒక పెద్ద నేత చీమల కాలనీ చాలా చెట్ల మీద, ఎన్నో గూళ్లలో పరచుకుని ఉంటుంది. అందులో అయిదు లక్షల దాకా శ్రామికులుండవచ్చు. మీరు 20 చెట్ల మీద 20 ఎరలు పెట్టినా, ఆ చెట్లన్నీ ఒకే కాలనీవైతే మీరు చూసింది ఒక్క కాలనీనే. పిచ్చి చీమల మహా సమూహంలో ఈ సమస్య ఇంకా పెద్దది, ఎందుకంటే దానిలోని గూళ్లు ఒకదానితో ఒకటి పోరాడవు, హెక్టార్ల కొద్దీ విస్తరించవచ్చు.

దీన్ని పోరు పరీక్షతో తెలుసుకోవచ్చు. లోపలి గోడలకు పౌడరు పూసిన చిన్న డబ్బాలో రెండు చోట్ల నుంచి ఒక్కో చీమను వేసి అయిదు నిమిషాలు చూడండి. పట్టించుకోకపోతే 0, మీసాలతో తడిమి ఊరుకుంటే 1, ఒకటి తప్పించుకుని పారిపోతే 2, కొద్దిసేపు కరిస్తే 3, పెనుగులాట ఆగకుండా సాగితే 4 అని రాయండి. ప్రతి జతకూ కొత్త చీమలతో కనీసం అయిదుసార్లు చేయాలి. అంతకంటే ముందు, ఒకే గూటి నుంచి తెచ్చిన రెండు చీమలతో చేసి చూడండి. అవి కూడా కొట్టుకుంటే మీ చేతి వాసనో, డబ్బాలో మిగిలిన ఆమ్లమో వాటిని రెచ్చగొడుతోందని అర్థం, డబ్బాను కడిగి ఆరబెట్టి మళ్లీ మొదలుపెట్టండి. పరీక్ష అయ్యాక ప్రతి చీమనూ దాని చోటికే చేర్చాలి.

డబ్బాలో నేత చీమలు తమ చెట్టు మీద ఉన్నంత దూకుడు చూపకపోవచ్చు. అంకెలు అటూ ఇటూ కాకుండా ఉంటే ప్రకృతిలోనే చూడండి: రెండు కాలనీల హద్దులో ఉన్న చెట్ల మధ్య చీమలు తిరగని ఖాళీ జాగా గానీ, తరచూ జరిగే కొట్లాట గానీ కనిపిస్తుంది.

9. లెక్కలు పోల్చండి

సగటును ఒక్కదాన్నే నమ్మకండి. 11 చోట్లలో పది సున్నాలు, ఒక చోట 110 వస్తే సగటు 10 అవుతుంది. ప్రతి చోటా 10 ఉన్నా సగటు 10 అవుతుంది. మొదటిది ఒక దారి పక్కన కార్డు పడటం, రెండోది నేలంతా చీమలు కమ్ముకోవడం. అందుకే ఎన్ని చోట్ల కనబడింది, మధ్యస్థ విలువ ఎంత, గరిష్ఠం ఎంత అన్న మూడూ జాతివారీగా రాయండి.

ఏదైనా చోట నేత చీమ సున్నా, పిచ్చి చీమ ఎక్కువ అని వస్తే, "పిచ్చి చీమ దాన్ని తరిమేసింది" అని వెంటనే రాయడం సరికాదు. అక్కడ గూడు కట్టడానికి అనువైన మెత్తటి వెడల్పాటి ఆకుల చెట్లు ఉన్నాయా, కొమ్మలు ఒకదానికొకటి తగులుతున్నాయా అన్నవి ముందు చూడాలి. తరిమేసిందని చెప్పాలంటే ఒకే చోట ముందు, తర్వాత తీసిన లెక్కలు కావాలి.

10. ఫలితాన్ని మరొకరితో సరిచూపించండి

రెండు జాతుల సీసాల నుంచి పది పది చీమలను తీసి, పేర్లు లేకుండా అంకెలు మాత్రమే వేసిన సీసాల్లో పెట్టి, పై మూడు లక్షణాలు చదివిన మరొకరికి ఇవ్వండి. వారి జవాబులు, మీ జవాబులు 20లో 19 చోట్లయినా కలవాలి. కలవనివాటిని ఇద్దరూ కలిసి మళ్లీ చూడండి. చాలావరకు అవి విరిగిన మీసాలున్నవో, చిన్న నేత చీమలో అయి ఉంటాయి.

ప్రతి చోటి నుంచి కనీసం ఒక సీసాను, అనుమతి పత్రం నకలుతో పాటు, కీటక సేకరణ ఉన్న విశ్వవిద్యాలయానికో మ్యూజియానికో అప్పగించండి. ఫొటోలు పంపేటట్టయితే ఒక్కో చీమకు మూడు ఉండాలి: తల ఎదురుగా, శరీరం పక్క నుంచి, శరీరం పైనుంచి, మూడింటిలోనూ మిల్లీమీటరు గడులు కనబడేలా. పిచ్చి చీమ అంతకుముందు నమోదు కాని అడవిలో తేలితే, ఫొటోలతో పాటు స్థలం, తేదీ, కార్డు లెక్కలు జోడించి అటవీ అధికారులకు తెలియజేయండి, జాతి నిర్ధారణ అయ్యేవరకు ఎవరూ అక్కడ మందు చల్లకుండా చూడండి.